స్టీరియోకి ఏ వైరు కొనాలి, చివర్లు ఎలా బిగించాలి

"కొత్త స్పీకర్లు కొన్నాను, ఏ వైరు వేయమంటారు?" అని అడిగేవాళ్ళకి ఇన్నాళ్ళూ విడివిడిగా జవాబు చెబుతూ వచ్చాను. అడిగేవాళ్ళలో కొందరు షాపులో చూపించిన ఖరీదైన కేబుల్ ఫొటో పంపి "ఇది వేస్తే సౌండ్ మారుతుందా?" అంటారు. ఇంకొందరు స్పీకర్ల పెట్టెలోనే వచ్చిన దారంలాంటి వైరు చూపించి "ఇది సరిపోతుందా?" అంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. వైరు అసలైన రాగిదై ఉండాలి, దూరానికి తగినంత లావుండాలి, రెండు చివర్లూ గట్టిగా బిగిసి ఉండాలి. ఇంట్లో పాటలు వినడానికి అంతకు మించి అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చిన గొడవలు చాలావరకు వైరు మధ్యలో పుట్టినవి కావు, చివరి అరంగుళంలో పుట్టినవి. అందుకని ఇక్కడ కూడా చివర్ల గురించే ఎక్కువ చెబుతాను.

ఇదంతా మామూలు స్టీరియోకి, అంటే ఒక యాంప్లిఫయర్, దానికి రెండు స్పీకర్లు ఉన్నవాళ్ళకి. కరెంటు ప్లగ్గు నేరుగా స్పీకరుకే ఉండే బ్లూటూత్ రకాలకు ఈ వైరు పని ఉండదు. గుడిలోనో ఫంక్షన్ హాల్లోనో పెట్టే 100 వోల్టుల లైను మైకు సెట్ల లెక్క వేరు, వాటికి ఇది వాడకండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొలిచే టేపు, కాస్త పురికొస
- వైర్ స్ట్రిప్పర్, లేదంటే కొత్త బ్లేడు
- కటింగ్ ప్లయర్, చిన్న స్క్రూడ్రైవర్
- మల్టీమీటర్ (అన్నిటికన్నా చవకదైనా పర్వాలేదు)
- 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒకటి
- ఇన్సులేషన్ టేపు, మార్కర్ పెన్
- వైరు, కనెక్టర్లు (వీటిని మాత్రం 5వ అంచె దాకా చదివాక కొనండి)

1. ముందు వెనకవైపు చూడండి

స్పీకరు వెనక లేబుల్ మీద 4, 6, 8 ఓమ్స్‌లో ఏదో ఒకటి రాసి ఉంటుంది (ఓమ్స్ అంటే కరెంటుకి ఎంత అడ్డు, అంటే నిరోధం, ఉందో చెప్పే కొలత). అది కాగితం మీద రాసుకోండి. ఓమ్స్ తక్కువైన కొద్దీ వైరు లావుగా ఉండాలి. 4 ఓమ్స్ స్పీకరుకి 8 ఓమ్స్ దానికన్నా రెండింతల లావు కావాలి.

తర్వాత స్పీకరుకీ యాంప్లిఫయర్‌కీ వైరు పెట్టే చోటు ఎలా ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. షాపులో మాటల్లో వివరించడం కన్నా ఇది తేలిక. సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి, నొక్కి వైరు దూర్చి వదిలేసే స్ప్రింగ్ క్లిప్. రెండోది, ఎరుపు, నలుపు మరలు ఉండే బైండింగ్ పోస్టు. కొన్ని పాత సెట్లలో టేప్‌రికార్డరుకి వాడే ఆర్‌సీఏ సాకెట్టు గానీ, ఒక పిన్ను గుండ్రంగా, ఇంకోటి బల్లపరుపుగా ఉండే డిన్ సాకెట్టు గానీ ఉంటాయి. ఇంకొన్ని హోం థియేటర్ సెట్లకు కంపెనీ సొంత రంగు ప్లగ్గులు ఉంటాయి. అలాంటివి కత్తిరించి పారేయకండి. ప్లగ్గు దగ్గర ఆరంగుళాల వైరు ఉంచి, అక్కడినుంచి కొత్త వైరు కలపాలి.

2. దూరం కొలవండి, గాల్లో కాదు

గది 12 అడుగులు కదా అని 12 అడుగుల వైరు కొంటే తప్పకుండా చాలదు. వైరు నేలమీదికి దిగి, గోడ వెంట వెళ్ళి, గుమ్మం చుట్టూ తిరిగి, మళ్ళీ స్పీకరు స్టాండు ఎక్కాలి. పురికొసను అదే దారిలో పరిచి, తర్వాత ఆ పురికొస పొడవు కొలవండి. దానికి చెరోవైపు అర మీటరు కలపండి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు స్పీకరు ముందుకు లాగితే చివర తెగకుండా ఆ మిగులు కాపాడుతుంది. అది ఇంకో పనికీ వస్తుంది, చివర్లో చెబుతాను.

రెండు స్పీకర్ల వైర్లూ సరిగ్గా ఒకే పొడవు ఉండాలా అని చాలామందికి టెన్షన్. అక్కర్లేదు. వైరు తగినంత లావుగా ఉంటే ఒకటి 3 మీటర్లు, ఇంకోటి 5 మీటర్లు ఉన్నా చెవికి తేడా తెలియదు. మిగిలిన రెండు మీటర్లూ టీవీ వెనక చుట్ట చుట్టి పెట్టేకన్నా కత్తిరించేయడమే మేలు.

3. ఎంత లావు?

ఇక్కడ షాపు భాష కొంచెం తెలియాలి. మన దగ్గర ఎలక్ట్రికల్ షాపుల్లో వైరు లావు చదరపు మిల్లీమీటర్లలో ఉంటుంది కానీ, మాట్లాడేటప్పుడు "ఒకటిన్నర ఎంఎం, రెండున్నర ఎంఎం" అంటారు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇప్పటికీ పాత పద్ధతి నడుస్తుంది: 14/76, 23/76, 40/76. మొదటి అంకె లోపలి పోగుల లెక్క. రెండోది ఒక్కో పోగు లావు, 0.0076 అంగుళం, అంటే దాదాపు 0.19 మిల్లీమీటరు. 40/76 అంటే అలాంటి పోగులు 40 అన్నమాట.

అమెరికాలో ఉన్నవాళ్ళకి గేజ్ లెక్క. అక్కడ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 16 గేజ్ అంటే 1.3 చదరపు మిల్లీమీటర్లు, 14 గేజ్ అంటే 2.1, 12 గేజ్ అంటే 3.3.

వైరు మొత్తం నిరోధం, పోనూ రానూ కలిపి, స్పీకరు ఓమ్స్‌లో 5 శాతం దాటకూడదన్నది లెక్క. దాని ప్రకారం యాంప్లిఫయర్ నుంచి స్పీకరు దాకా ఎంత దూరం వరకు ఏ వైరు చాలుతుందో కింద ఇస్తున్నాను. అంకెల్ని కొంచెం వెనక్కే ఉంచాను.

- 14/76: 8 ఓమ్స్‌కి 4 మీటర్లు, 4 ఓమ్స్‌కి 2 మీటర్లు
- 23/76: 8 ఓమ్స్‌కి 6 మీటర్లు, 4 ఓమ్స్‌కి 3 మీటర్లు
- 40/76: 8 ఓమ్స్‌కి 10 మీటర్లు, 4 ఓమ్స్‌కి 5 మీటర్లు
- 1.5 ఎంఎం: 8 ఓమ్స్‌కి 15 మీటర్లు, 4 ఓమ్స్‌కి 7 మీటర్లు
- 2.5 ఎంఎం: 8 ఓమ్స్‌కి 25 మీటర్లు, 4 ఓమ్స్‌కి 12 మీటర్లు

6 ఓమ్స్ స్పీకరైతే రెంటికీ మధ్యలో చూసుకోండి. తేల్చుకోలేకపోతే 1.5 ఎంఎం కొనేయండి. మామూలు హాల్లో ఏ స్పీకరుకైనా అది సరిపోతుంది. అంతకన్నా లావు ఉంటే మంచిదేగా అని 4 ఎంఎం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అది స్ప్రింగ్ క్లిప్పులో దూరదు. దూర్చడానికి సగం పోగులు కోసేస్తారు. కొన్న లావంతా అక్కడే పోతుంది.

4. షాపులో ఏం చూడాలి

స్పీకర్ వైరు పేరుతో దొరికే ఎర్ర-నల్ల జంట వైరు, లోపలి రాగి కనిపించే పారదర్శక వైరు, ఇల్లు వైరింగుకి వాడే ఐఎస్‌ఐ వైరు, ఈ మూడింట్లో నేను ముందు చూసేది చివరిదే. "కరెంటు వైరు స్పీకరుకా?" అని షాపతను విచిత్రంగా చూస్తాడు. చూడనివ్వండి. 1.5 ఎంఎం ఎఫ్‌ఆర్ వైరు (మంట తొందరగా పాకని తొడుగున్నది) ఎరుపొకటి, నలుపొకటి తీసుకుని వదులుగా మెలేస్తే మంచి స్పీకర్ వైరు తయారైనట్టే. తొడుగు మీద ఐఎస్ 694 అని, ఐఎస్‌ఐ గుర్తుతో అచ్చు వేసి ఉందో లేదో చూడండి. రాగి విషయంలో మోసపోయే అవకాశం అందులో తక్కువ. మెలికలు చూడ్డానికి బాగుండవనుకుంటే రెండు కోర్ల గుండ్రటి ఫ్లెక్సిబుల్ వైరు అదే లావులో దొరుకుతుంది.

పారదర్శక వైరుతో జాగ్రత్త ఎందుకంటే, నేనే ఒకసారి మోసపోయాను. చిటికెన వేలంత లావు, లోపల ఎర్రగా మెరుస్తూ కనిపిస్తే 20 గజాలు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కోసి చూస్తే లావంతా ప్లాస్టిక్‌దే. పారదర్శక తొడుగు భూతద్దంలా పనిచేసి లోపలి నాలుగు పోగుల్ని నలభైలా చూపించింది. ఆ పోగులు కూడా రాగివి కావు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం. షాపుల్లో దీన్ని సీసీఏ అంటారు, అడగందే చెప్పరు. అదే లావు రాగితో పోలిస్తే దీని నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. తెలిసి కొంటే, ఒక సైజు పెద్దది తీసుకుంటే వాడుకోవచ్చు. రాగి ధర పెట్టి కొనడమే నష్టం.

అసలు రాగో కాదో తేల్చుకోవడం ఇలా:

ఒక పోగును బ్లేడు అంచుతో గీకండి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా వెండిలా కనిపిస్తే అల్యూమినియం. దీనికి తలకిందులుగా, పైన తెల్లగా ఉండి గీకితే లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన రాగి. అది మంచిదే, పారేయకండి.

పోగులు లెక్కపెట్టండి. 40/76 అన్నది 40 ఉండాలి. షాపులో నిలబడి లెక్కపెట్టడానికి మొహమాటపడక్కర్లేదు, రెండు నిమిషాల పని. పోగు లావు అనుమానంగా ఉంటే దాన్ని పెన్ను మీద ఒకదాని పక్కన ఒకటిగా పది చుట్లు చుట్టి స్కేలు పెట్టండి. ఆ చుట్ట వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు రావాలి.

బరువు చూడండి. 1.5 ఎంఎం జంట వైరు 10 మీటర్లలో రాగే దాదాపు 270 గ్రాములు ఉంటుంది. వంటింటి కాటా మీద తొడుగుతో కలిపి కూడా అంత తూగకపోతే అది 1.5 ఎంఎం కాదు, లేదా రాగి కాదు. అంతకన్నా ఎక్కువ తూగినంత మాత్రాన నమ్మేయకండి, ప్లాస్టిక్‌కీ బరువుంటుంది.

పూర్తి కాయిల్ కొన్నవాళ్ళు ఇంకో పని చేయొచ్చు. 90 మీటర్ల 1.5 ఎంఎం ఒంటి వైరు రెండు చివర్లకూ మల్టీమీటర్ పెడితే 1.2 ఓమ్స్‌కి మించి చూపించకూడదు.

హైదరాబాద్‌లో ఇల్లు వైరింగు వైరుకి ట్రూప్ బజారు, కనెక్టర్లకి కోఠి గుజరాతీ గల్లీ వెళ్తే రెండూ ఒక్క పూటలో అయిపోతాయి. చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. ఎక్కడైనా గజం లెక్కో మీటరు లెక్కో ముందే అడగండి. గజం అంటే 91 సెంటీమీటర్లే.

ఇక ఖరీదైన కేబుళ్ళ సంగతి. 1970ల చివర్లో అమెరికాలో నోయెల్ లీ అనే ఆయన మాన్‌స్టర్ కేబుల్ పేరుతో లావుపాటి వైరు అమ్మడం మొదలుపెట్టేదాకా, టేబుల్ ల్యాంపుకి వాడే వైరే స్పీకర్లకీ వాడేవాళ్ళు. లావు వైరు వేయాలన్న మాటలో నిజం ఉంది. ఆ లావు దాటాక చెప్పే మిగతా కబుర్లకి డబ్బు పెట్టడం మీ ఇష్టం. నేనైతే ఆ డబ్బుతో స్పీకర్లకి మంచి స్టాండ్లు కొంటాను.

5. చివర ఏం పెట్టాలి

ఏమీ పెట్టకపోవడం కూడా ఒక పద్ధతే. శుభ్రంగా ఒలిచి మెలేసిన వట్టి రాగి, మర కింద గట్టిగా బిగిస్తే, ఏ కనెక్టరుకీ తీసిపోదు. కనెక్టర్లు సౌకర్యం కోసం, పోగులు చెదిరి ఒకదానికొకటి తగలకుండా ఉండటం కోసం.

బైండింగ్ పోస్టు ఉంటే బనానా ప్లగ్గు. 4 మిల్లీమీటర్ల లావు, మధ్యలో ఉబ్బిన స్ప్రింగు. పోస్టు చివరి కన్నంలో నేరుగా దిగుతుంది. కన్నం కనబడటం లేదని కంగారు పడకండి. చాలా పోస్టులకి ఎర్ర, నల్ల ప్లాస్టిక్ బిరడాలు బిగించి ఉంటాయి. యూరప్‌లో గోడ ప్లగ్గు పిన్నులు ఆ కన్నాల్లో దూరే ప్రమాదం ఉందని అలా మూసి ఇస్తారు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే ఊడొస్తాయి. స్పీకరు గోడకి ఆనుకుని ఉంటే మాత్రం బనానా వద్దు. వెనక్కి నాలుగైదు సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది, గోడకి నొక్కుకుని పోస్టే విరుగుతుంది. అప్పుడు యూ ఆకారం లగ్గు, అంటే వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్క, వాడండి.

స్ప్రింగ్ క్లిప్పుకి పిన్ లగ్గు. ఎలక్ట్రికల్ షాపులో "థింబుల్స్" అని అడిగితే యూ లగ్గులు, పిన్ లగ్గులు వైరు సైజుని బట్టి ఇస్తారు. చాలా చవక. వీటిని ఎందుకు ఎక్కువమంది వాడరో నాకు అర్థం కాదు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి. ఊళ్ళలో మైకు సెట్ల వాళ్ళు స్పీకరు వైరుకి కరెంటు టూ-పిన్ టాప్ బిగించడం చూసే ఉంటారు. చేతికి తేలిగ్గా దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ ఇంట్లో పిల్లలో, సాయానికొచ్చిన చుట్టాలో దాన్ని గోడ సాకెట్లో పెడితే 230 వోల్టులు నేరుగా స్పీకరులోకి వెళ్తాయి. స్పీకరు కాలిపోతే డబ్బుతో పోతుంది. ఆ సమయంలో రెండో చివర చేతిలో ఉంటే ప్రాణమే పోతుంది. ఊడిపోకుండా గట్టిగా ఉండేదే కావాలంటే, మెలితిప్పి లాక్ చేసే స్పీకాన్ కనెక్టరు ఉంది. పెద్ద స్పీకర్లకి అది పెట్టుకోండి.

6. ఒలవడం

పళ్ళతో వద్దు. స్ట్రిప్పర్ ఉంటే వైరు సైజు గాడిలో పెట్టి లాగండి. బ్లేడయితే వైరును నిలువుగా కోయకుండా, బల్ల మీద పెట్టి బ్లేడు కింద మెల్లగా దొర్లించండి. తొడుగు సగం లోతు తెగితే చాలు, తర్వాత వంచితే అదే పగులుతుంది, వేలితో లాగేయొచ్చు. బ్లేడు రాగిని తాకితే పోగులు తెగుతాయి. నాలుగైదు పోగులు తెగాయంటే ఆ చివర కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టండి.

ఎంత ఒలవాలి? స్ప్రింగ్ క్లిప్పుకి 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మర పోస్టుకి 10 నుంచి 12. మర్చిపోతే చిటికెన వేలి గోరంత అని గుర్తుంచుకోండి. ఎక్కువ ఒలిస్తే పక్క పిన్నుకి తగులుతుంది. తక్కువ ఒలిస్తే క్లిప్పు తొడుగును పట్టుకుంటుంది. అప్పుడు పాట వచ్చీ రాక, స్పీకరు మీద చెయ్యేస్తే వచ్చి, తీస్తే పోతుంది.

ఒలిచిన వెంటనే పోగుల్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దీపం వత్తి చేసినట్టు ఒకే వైపుకి మెలేయండి. విడిగా ఒక్క పోగు కూడా బయటికి రాకూడదు. ఈ ఒక్క పోగు విలువ నాకు బాగా తెలుసు. ఒకసారి తొందరలో బిగించి, ఎరుపు నుంచి నలుపుకి వంగిన ఒక వెంట్రుకలాంటి పోగును చూడలేదు. సౌండ్ తక్కువ ఉన్నంతసేపూ బాగానే పాడింది. పెంచగానే టక్‌మని ఆగిపోయింది. యాంప్లిఫయర్‌లో స్పీకర్లని నడిపే చిప్పు, ఔట్‌పుట్ ఐసీ, మార్పించాల్సి వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

మరలో పెట్టే చివరకి సోల్డరింగు పెట్టకండి. పోగులన్నీ ఒకటిగా ఉంటాయని చాలామంది పెడతారు. కానీ సీసం, తగరం కలిసిన ఆ లోహం మెత్తనిది. మర ఒత్తిడికి నెమ్మదిగా జారిపోయి, కొన్నాళ్ళకు పట్టు వదులవుతుంది. పోగులు కలిసుండాలంటే లగ్గు వేసి నొక్కండి.

7. బిగించడం

బనానా ప్లగ్గుల్లో ఎక్కువగా దొరికే రకానికి రెండు భాగాలుంటాయి. పైభాగం విప్పి అందులోంచి వైరు దూర్చి, బయటికొచ్చిన పోగుల్ని గొడుగు విప్పినట్టు అంచు చుట్టూ పరిచి, పిన్ను భాగాన్ని దానిమీద తిప్పి బిగించాలి. గొడుగు అంచు దాటి పోగులు బయటికి కనబడితే కత్తిరించండి. పక్కన చిన్న మర ఉండే రకం ఇంకా తేలిక. వైరు దూర్చి మర బిగించడమే. సన్న వైరయితే ఒలిచిన భాగాన్ని రెండు మడతలు పెట్టి దూర్చండి, మర పట్టుకుంటుంది.

లగ్గయితే క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కినప్పుడు పైకి బిగిసినట్టే ఉంటుంది, లాగితే ఊడొస్తుంది. క్రింపింగ్ ప్లయర్ లేకపోతే షాపులోనే నొక్కించుకుని రండి.

ఏది పెట్టినా ఒక పరీక్ష: కనెక్టరు ఒక చేత్తో, వైరు ఒక చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి. ఇప్పుడు ఊడితే మంచిదే. నెల తర్వాత సోఫా వెనక ఊడితే కష్టం.

8. ప్లస్సు, మైనస్సు

మా మేనల్లుడు హైదరాబాద్‌లో రూములోకి కొత్త స్పీకర్లు తెచ్చుకుని ఫోన్ చేశాడు.

"మామయ్యా, బేస్ అస్సలు లేదు. వెనక్కి ఇచ్చేయనా?"

"ఒక స్పీకరు వైరు తిప్పి పెట్టి చూడరా."

రెండు నిమిషాలు లైన్లో ఏమీ వినబడలేదు. తర్వాత వాడి మాట కన్నా ముందు దబదబమని డప్పు వినిపించింది.

వాడి జంట వైరులో రెండూ ఒకే రంగు. ఎడమ స్పీకరుకి ఎర్ర మరకి వెళ్ళాల్సినది నల్ల మరకి వెళ్ళింది. ఒక స్పీకరు కోన్ (ముందు కనిపించే, కదిలే గుండ్రటి పొర) ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంటే బేస్ రెండింటి మధ్యా చచ్చిపోతుంది. ఏమీ కాలదు, సౌండ్ మాత్రం పలచబడుతుంది. కాబట్టి రెండు స్పీకర్లకీ ఒకే రంగు ప్లస్సు నుంచి ప్లస్సుకి వెళ్ళాలి. ఒకే రంగు జంట వైరును వేలితో తడిమితే ఒకదాని మీద గీతో, గట్టో, అక్షరాలో తగులుతాయి. దాన్ని ప్లస్సు అనుకోండి. ఏ గుర్తూ లేకపోతే పరచకముందే ఒక వైరు రెండు చివర్లకీ టేపు చుట్టండి.

9. కలపడం

యాంప్లిఫయర్ స్విచ్ ఆపితే చాలదు, గోడ సాకెట్లోంచి ప్లగ్గు తీయండి. ముందు స్పీకరు వైపు బిగించండి, తర్వాత యాంప్లిఫయర్ వైపు. ఎప్పుడూ యాంప్లిఫయర్‌కి బిగించిన వైరు రెండో చివరను గాలికి వదిలేసి ఆన్ చేయకండి, రెండు కొసలూ తగిలితే అంతే.

ఎడమ, కుడి మైనస్సులు రెంటినీ ఒకే వైరుకి కలిపి వైరు ఆదా చేయాలనుకోవద్దు. ఇప్పుడొచ్చే చిన్న డిజిటల్ యాంప్లిఫయర్లలో చాలావాటికి స్పీకరు మైనస్సు గ్రౌండు కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. కలిపితే బోర్డు పోతుంది.

స్పీకరు వెనక రెండు జతల పోస్టులుండి, వాటిని కలుపుతూ ఇత్తడి రేకులుంటే రేకులు తీయకండి. తీస్తే, ఒక జతకే వైరు ఇచ్చినప్పుడు, సగం స్పీకరు మూగబోతుంది.

10. ఆన్ చేయకముందు, ఆన్ చేశాక

ఈ అంచె దాటేసేవాళ్ళే ఎక్కువ. పది నిమిషాలు కూడా పట్టదు.

స్పీకరు బిగించి ఉంచి, యాంప్లిఫయర్ వైపు చివరలు తీసి వాటికి మల్టీమీటర్ పెట్టండి. ఓమ్స్ రేంజిలో 8 ఓమ్స్ స్పీకరుకి దాదాపు 6, 4 ఓమ్స్ దానికి 3 పైచిలుకు చూపించాలి. లేబుల్ మీది అంకె రాలేదని అనుకోకండి, ఇలా కొలిచినప్పుడు తక్కువే వస్తుంది. సున్నా దగ్గరికి పోతే ఎక్కడో రెండు వైర్లు తగులుతున్నాయి. మీటరు ఎడమ మూల ఒంటరిగా 1 గానీ, ఓఎల్ గానీ చూపిస్తే ఎక్కడో తెగింది లేదా క్లిప్పు తొడుగును పట్టుకుంది. చవక మీటరు తీగలకే కొంత నిరోధం ఉంటుంది. రెండు ముల్లుల్నీ ఒకదానికొకటి ఆనించి ఎంత వస్తుందో చూసి, అది తీసేసి లెక్కపెట్టండి.

అదే చివర్లకి పెన్సిల్ సెల్ ఆనించండి. సెల్ ప్లస్సుకి ఎర్ర వైరు, మైనస్సుకి నల్ల వైరు. ఒక్క సెకను ఆనించి తీసేయండి. 'టప్' అని వినిపించి పెద్ద కోన్ ముందుకు రావాలి. కంటికి తెలియకపోతే వేలి కొన కోన్ మీద మెత్తగా ఆనించి చూడండి. వెనక్కి పోయిందంటే ఎక్కడో తిరగబడింది. రెండు స్పీకర్లూ ఒకేలా కదలాలి. యాంప్లిఫయర్‌కి బిగించి ఉండగా ఈ పరీక్ష చేయకండి.

ఇప్పుడు అన్నీ కలిపి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఆన్ చేయండి. మాటలు మాత్రమే ఉన్నది, వార్తల్లాంటిది, మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండ్ వచ్చేలా) పెట్టుకుని రెండు స్పీకర్లకీ మధ్యలో కూర్చోండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి, అక్కడ మనిషి ఉన్నట్టు రావాలి. గది అంతా పరుచుకుని ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే ఒక స్పీకరుకి ప్లస్సు, మైనస్సు తిరగబడ్డాయి. ఆపి, ఒక స్పీకరు వైపు మాత్రమే మార్చి మళ్ళీ వినండి. బేస్ ఎక్కువ వచ్చిందే సరైనది.

యాంప్లిఫయర్ మీద ప్రమాదాన్ని చూపే ప్రొటెక్ట్ లైటు వెలిగినా, ఆన్ చేయగానే ఆగిపోయినా మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకండి. ప్లగ్గు తీసి పోగుల్ని వెతకండి.

గోడలోంచి లాగాలనుకునేవాళ్ళకి

కొత్త ఇల్లు కడుతుంటే ఇప్పుడే స్పీకర్లకి వేరే పైపు వేయించండి, 25 మిల్లీమీటర్లది. కరెంటు వైర్ల పైపులోనే లాగేస్తానని ఎలక్ట్రీషియన్ అంటాడు, ఒప్పుకోవద్దు. హమ్మింగ్ వస్తుందని కాదు, లోపల ఒక తొడుగు పాడైతే 230 వోల్టులు మీ స్టీరియోలోకి వస్తాయి. పైపులో ఒక లాగుడు తీగ వదిలేస్తే రేపు మార్చుకోవడం తేలిక. ఇల్లు వైరింగు వైరే వాడుతున్నారు కాబట్టి రెండు చివర్లకీ "స్పీకర్, కరెంటు కాదు" అని రాసి టేపు చుట్టండి. అయిదేళ్ళ తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కి మీ తెలివితేటలు తెలియవు. అమెరికాలో గోడలోంచి వేసేవాళ్ళు గోడలోపల వేయడానికి తగినదని చెప్పే సీఎల్2 లేదా సీఎల్3 గుర్తు అచ్చు ఉన్న వైరే తీసుకోవాలి.

దారి మధ్యలో అతుకు లేకుండా చూసుకోండి. తప్పకపోతే ప్లస్సు అతుకు ఒకచోట, మైనస్సు అతుకు రెండంగుళాల అవతల పెట్టండి. టేపు ఊడినా ఒకదానికొకటి తగలవు. వైరు తలుపు సందులోంచీ, సోఫా కాలు కిందనుంచీ పోనివ్వకండి. ఎలుకలున్న ఇంట్లో నేలమీద వదిలేయకుండా పీవీసీ పట్టీలో పెట్టండి.

బిగించిన రెండు వారాలకి మరలన్నీ ఒకసారి చేత్తో తిప్పి చూడండి. రాగి పోగులు ఒత్తిడికి సర్దుకుని, పావు చుట్టు మళ్ళీ తిరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో వట్టి రాగి చివర్లు త్వరగానే నల్లబడి, తర్వాత పచ్చబడతాయి. అప్పుడు గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చోకండి. ఏడాదికోసారి ఆ చివర అంగుళం కత్తిరించి, కొత్త రాగి ఒలిచి బిగించండి. మొదట అర మీటరు మిగులు పెట్టమన్నది అందుకే.